పిండినల్లి వచ్చిన వేసవి

ఆ హోటల్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే విభాగం నేలమాళిగలో ఉంటుంది. అక్కడ పందొమ్మిదేళ్ళుగా పని చేస్తున్న మనిషిని వంటవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ ఇస్త్రీ మాస్టారనే పిలుస్తారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. మాటలు తక్కువ మనిషి. పొద్దస్తమానం ఆవిరి బుసల మధ్య నిలబడేవాడు ఏం మాట్లాడినా వినేవాళ్ళుండరు కదా. ఆ అలవాటే ఇంటికీ వచ్చింది.

హోటల్ ముందు హాల్లో ఎప్పుడు చూసినా ఆర్కిడ్లు విరగబూసి ఉంటాయి. పూలు రాలడం మొదలవగానే పూల అలంకరణ చూసే ఆవిడ ఆ కుండీలు తీసేసి కొత్తవి పెట్టిస్తుంది. పాతవి వెనక గేటు దగ్గర చెత్తబండి పక్కకి చేరతాయి. చలికాలం వెళ్ళిపోతుండగా ఒకరోజు అక్కడ పదకొండు కుండీలు వరసగా కనిపించాయి. కాడలు ఎండాయి గానీ ఆకులు మాత్రం చెప్పు అట్టల్లా దళసరిగా, నవనవలాడుతూ ఉన్నాయి.

"ఇవి చచ్చిపోయాయా?" అని పూలావిడని అడిగాడతను.

"చావడమేం మాస్టారూ, పూలు అయిపోయాయంతే. మళ్ళీ పూయాలంటే ఏడాది ఆగాలి. అంత ఓపిక ఇక్కడెవరికుంది?"

"అయితే నేను పట్టుకెళ్తాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మీ ఇంట్లో ఏసీ ఉందా?"

"ఫ్యానుంది. డాబా మీద పెట్టుకుంటాలెండి."

"డాబా మీదా! ఈ ఊరి ఎండకి మనుషులే మాడిపోతున్నారు. నా మాట విని ఓ రెండు పట్టుకెళ్ళండి. పోయినా బెంగ తక్కువుంటుంది."

అతను పదకొండూ పట్టుకెళ్ళాడు. మూడు రోజులపాటు, రెండు చేతుల్లో రెండు సంచులతో, బస్సులో పక్కవాళ్ళ మోచేతులు తగలకుండా కాపాడుకుంటూ మేడ ఎక్కించాడు.

ఇల్లు రెండో అంతస్తులో. రెండు గదులు, వంటిల్లు, వంటింటి వెనక తలుపు తీస్తే చిన్న డాబా. ఆ ఇంట్లో అతనూ, భార్యా, అత్తగారూ ఉంటారు. భార్య ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. అత్తగారు ఉన్ని మిల్లులో ముప్పై ఏళ్ళు రఫ్ఫు పని చేసి రిటైరైంది. నేతలో తెగిన పోగుల్ని సూదితో మళ్ళీ అతికించడం ఆవిడ పని. ఆవిడ రఫ్ఫు చేసిన చోటు ఎక్కడో ఆవిడకే తెలియాలి.

అత్తా అల్లుళ్ళ మధ్య మాటల్లేవు. అలాగని తగువూ లేదు. పెళ్ళైన మొదటి నెలలో ఇంట్లో బట్టలన్నీ తానే ఇస్త్రీ చేస్తానని అతను ఉత్సాహపడ్డాడు. వేలాది దుప్పట్లు, కోట్లు ఇస్త్రీ చేసిన చెయ్యి కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు. అత్తగారి ఉన్ని శాలువా మీద పెట్టె ఓ క్షణం ఎక్కువ ఆగింది. ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. అతను శాలువాని మచ్చ లోపలికి వచ్చేలా మడతపెట్టి, బట్టల అడుగున దూర్చేశాడు. మర్నాడు ఆవిడ చూసింది. ఒక్క మాట అనలేదు. మూడు రోజులు కిటికీ దగ్గర కూర్చుని దాన్ని బాగుచేసుకుంది. ఆ మూడు రోజుల్లోనూ అతనికి నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తెలియలేదు. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఈ ఆరేళ్ళూ మధ్యలో భార్యే తపాలా శాఖ. "బుజ్జీ, మీ ఆయనకి టీ చల్లారిపోతోందని చెప్పు" అని ఆవిడ అంటే, "మీ అమ్మగారికి వస్తున్నానని చెప్పు" అని ఇతను అంటాడు. ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉన్నా సరే.

ఎండలు ముదరబోతుండగా ఆ తపాలా శాఖకి రెండు నెలల తర్ఫీదు వచ్చిపడింది, వేరే ఊళ్ళో. వెళ్తూ వెళ్తూ ఆమె ఇద్దర్నీ చెరో వైపు నిలబెట్టి, "ఇద్దరూ పెద్దవాళ్ళే. తిండీ నిద్రా సరిగ్గా చూసుకోండి" అని చెప్పి రైలెక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. తల్లి. "మీ ఆయన స్నానాల గదిలో కుళాయి కట్టడం మర్చిపోయాడమ్మా."

"ఆయన ఇంట్లో లేరా?"

"ఉన్నాడు. పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాడు."

ఆమెకి ఒళ్ళు మండింది. వెంటనే భర్తకి ఫోన్ చేసింది. "చూడండి, పక్కగదికి కబురు పంపడానికి రెండొందల మైళ్ళ అవతల ఉన్న నన్ను వాడుకోవద్దని అమ్మకి చెప్పండి. మీకూ అదే చెప్తున్నాను. ఇకమీదట ఈ పోస్టాఫీసుకి సెలవు."

అతను పేపరు దించి గుమ్మం దాకా వెళ్ళాడు. అత్తగారు కుర్చీలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు. ఆవిడ తలెత్తింది. అతను కుళాయి కట్టేసి వచ్చి కూర్చున్నాడు.

ఈలోగా ఎండ నిప్పులు చెరగడం మొదలుపెట్టింది. అతను కుండీలన్నిటినీ డాబాలో పడమటి గోడ వారగా వరసపెట్టి, పైన పచ్చటి నీడవల కట్టాడు. నీడ ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు. వారం తిరిగేసరికి ఆకులు మెత్తబడి వేలాడాయి. ఒకదాని ఆకుల మీద తెల్లగా మచ్చలు లేచి, ఆ తర్వాత కాగితంలా ఎండిపోయాయి.

ఆ సాయంత్రం అతను గొంతుక్కూర్చుని ఆ మొక్క కేసే చూస్తుంటే అత్తగారు డాబా మీదికి వచ్చింది. అరచెయ్యి గోడకి ఆనించి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకుంది. తర్వాత అల్లుడి వైపు చూడకుండా, చచ్చిపోతున్న ఆ మొక్కతో అంది:

"ఏమ్మా, నెత్తిన గొడుగు పట్టి, వీపుకి పెనం ఆనించారా నిన్ను?"

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత అతనూ మొక్కతోనే అన్నాడు. "గోడ సంగతి తట్టలేదు."

"తూర్పు వైపు నీళ్ళ ట్యాంకు కింద ఖాళీగానే ఉంది" అని ఆవిడ కుండీకి చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే అతను కుండీలన్నీ తూర్పు వైపుకి మార్చాడు. ఓ పాత బల్ల తెచ్చి ట్యాంకు కింద వేసి దాని మీద పెట్టాడు. వేడి మాత్రమే కాదు, గాల్లో తడి లేకపోవడం కూడా వాటికి చేటని పూలావిడ చెప్పింది. తడి సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. పందొమ్మిదేళ్ళుగా ఆవిరిలోనే బతుకుతున్నాడు. హోటలు పక్కనపడేసిన చిరుగు దుప్పట్లు నాలుగు అడిగి తెచ్చాడు. బల్లకి రెండు వైపులా తాళ్ళు కట్టి వాటిని వేలాడదీసి, పొద్దున ఒకసారి, పనికి వెళ్ళేముందు ఒకసారి తడిపాడు. వడగాలి వాటి గుండా దూరి వచ్చేసరికి చల్లబడేది. కుండీల కింద పళ్ళేల్లో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగనంత వరకే నీళ్ళు పోశాడు. నాలుగో రోజుకి ఆకులు కాస్త బిర్రుగా నిలబడ్డాయి. తను లేని మధ్యాహ్నాల్లో దుప్పట్లు ఎవరో మళ్ళీ తడుపుతున్నారని అతనికి తెలుసు. మధ్యాహ్నం షిఫ్టు ముగించి పొద్దుగూకేలోగా ఇల్లు చేరితే, అవి ఇంకా నీళ్ళు కారుతూ ఉండేవి.

పది రోజులు హాయిగా గడిచాయి. అప్పుడు ఆకుల మొదళ్ళలో తెల్లటి నూగు కనిపించింది. దుప్పట్ల నూలు రాలి పడిందని అనుకున్నాడతను. బట్టల మనిషికి అంతకంటే ఏం తోస్తుంది? వేలితో తుడిచేశాడు. రెండు రోజుల్లో రెట్టింపైంది. ఈ దుప్పట్లు మరీ పాతవైపోయాయి, ఇంతలా దూది రాలుతోందేమిటి అని తనలో తనే గొణుక్కుంటూ మళ్ళీ తుడుస్తున్నాడు.

"అది దూది కాదు అల్లుడుగారూ."

అతను ఉలిక్కిపడి చూశాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి ఆవిడ కుండీతో కాదు, అతనితోనే మాట్లాడుతోంది.

"దూదికి కాళ్ళుండవు" అంటూ ఆవిడ దగ్గరికొచ్చి, కొంగున కట్టుకున్న మడత భూతద్దం విప్పింది. మిల్లులో అంగుళానికెన్ని పోగులున్నాయో లెక్కపెట్టడానికి వాడినది. "ఇటు రండి. చూడండి."

చూశాడు. పిండిలో పొర్లినట్టున్న పురుగులు, అంచుల చుట్టూ సన్నటి కుచ్చులతో, తీరుబడిగా పాకుతున్నాయి. వాటి మధ్య చీమలు హడావిడిగా తిరుగుతున్నాయి.

"పిండినల్లి" అందావిడ. "మిల్లు వెనక మందారాలకి పట్టేది. ఈ చీమలు ఉన్నాయే, ఇవి వాటిని మేపుకుంటాయి. అవి కార్చే తీపి కోసం ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదికి మోసుకెళ్తాయి కూడా."

"మరేం చెయ్యాలి అత్తయ్యగారూ?"

ఆ పిలుపు నోట్లోంచి వచ్చాక గానీ తను పిలిచానని అతనికి తెలియలేదు. ఆవిడ విననట్టే భూతద్దంలోకి చూస్తూ, "ఓపిగ్గా ఏరాలి" అంది.

ఏరడమంటే ఎన్నాళ్ళు? అతనికి అంత నిదానం లేకపోయింది. మర్నాడు విత్తనాల కొట్లో ఓ మందు సీసా కొన్నాడు. సీసా మీద ఒక మూత అని రాసి ఉంటే, పురుగులు బాగా ముదిరాయి కదా అని రెండు మూతలు పోశాడు. ముందు రెండు కుండీలకి కొట్టి చూద్దామని, అత్తగారు కునుకు తీసిన సమయం చూసి, మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకి కొట్టి పనికి వెళ్ళిపోయాడు. మర్నాటి పొద్దుటికి ఆ రెండు మొక్కల ఆకులూ వేడినీళ్ళు పోసినట్టు ఉడికిపోయి ఉన్నాయి.

ఆ రెండు కుండీలూ చూసేసరికి అతని చెయ్యి దానంతటదే పాత అలవాటు కొద్దీ వాటిని ట్యాంకు వెనక్కి జరపబోయింది. కానీ జరపలేకపోయాడు. కుండీలు రెండు చంకల్లో పెట్టుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు.

"నేనే చంపేశాను" అన్నాడు. "మందు ఎక్కువ పోశాను. ఎండలో కొట్టాను. మీకు చెప్పకుండా కొట్టాను."

ఆవిడ టీ గ్లాసు దించి కుండీల వంక చూసింది. అతను అక్కడితో ఆగలేకపోయాడు.

"ఆ శాలువా కూడా నేనే కాల్చాను."

అత్తగారు నవ్వింది. పైకి వినపడేలా ఆవిడ నవ్వడం అతను వినడం అదే మొదలు.

"ఇంట్లో ఇస్త్రీ చేసింది మీరొక్కరే. మరి ఇంకెవరు కాల్చి ఉంటారు, బాబూ?"

"చెప్పాలనే అనుకున్నాను..."

"ఆరేళ్ళు పట్టిందా అనుకోవడానికి?" అని ఆవిడ కుర్చీ జరిపి, కూర్చోమన్నట్టు చూపించింది. "కాలినందుకు కాదు నాకు కష్టం. నా జీవితమంతా చిరుగులతోనే గడిచింది, ఓ మచ్చ నన్నేం చేస్తుంది? మీరు నన్ను చూడగానే మొహం తిప్పుకునేవారు. పెద్ద హోటల్లో పనిచేసే మనిషి, మిల్లు కూలితో మాట్లాడ్డం నామోషీ కాబోలు అనుకున్నాను."

"రామ రామ! నేను మీ రఫ్ఫు చూసి సిగ్గుపడ్డానండీ. మా హోటల్లో ఎంత పెద్ద టైలరొచ్చినా అలా కుట్టలేడు. అంత పని చేసే మనిషి బట్ట తగలబెట్టానే అని."

ఆవిడ అతని గ్లాసులో టీ పోసి, అతని వైపు జరిపి, "తాగండి. చల్లారిపోతుంది" అంది.

ఆ రోజు నుంచి పొద్దున్న ఆరింటికి డాబా మీద పని మొదలయ్యేది. భార్య అలమరలో స్పిరిట్ సీసా ఉంది. అత్తగారు మొదట ఒకే ఒక్క ఆకు మీద రాసి, రెండు రోజులు ఆగి, ఆకుకి ఏమీ కాలేదని తేల్చుకున్నాకే తక్కినవాటి జోలికి వెళ్ళింది. అతను కుండీ పట్టుకుని వెలుతురు కేసి తిప్పుతాడు. ఆవిడ ఓ కంటికి భూతద్దం ఆనించి, పుల్లకి చుట్టిన దూదిని స్పిరిట్లో ముంచి, ఆకు మొదట్లో, అడుగున, కాడ కణుపుల్లో నల్లుల్ని ఒక్కొక్కటిగా తుడుచుకుంటూ పోతుంది. మిల్లులో పోగు వదలని చెయ్యి, ఇక్కడ పురుగు వదులుతుందా?

"కొంచెం ఎడమకి. అబ్బే, నా ఎడమకి. అదిగో, దొరగారు దాక్కున్నారు చూడండి" అనేది.

"వాళ్ళ ఆవిడ కూడా ఉన్నట్టుంది."

"పిల్లాపాపలతో సహా కాపురం పెట్టేశారు, అద్దె లేకుండా."

చీమల సంగతి అతను చూసుకున్నాడు. బల్ల నాలుగు కాళ్ళ కిందా నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టి, గోడకి తగలకుండా బల్లని జానెడు ఇవతలికి లాగాడు. దుప్పట్ల అంచులు బల్లకి ఆనకుండా పైకి కట్టాడు. రాకపోకలు బందైపోయిన చీమలు ఓ రెండ్రోజులు గిన్నెల చుట్టూ ప్రదక్షిణలు చేసి, విసిగి వేరే దారి చూసుకున్నాయి. నల్లులు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. పోయాయనుకున్న వారానికి గుడ్లలోంచి కొత్తవి వచ్చేవి. మళ్ళీ దూది, మళ్ళీ స్పిరిట్. నాలుగు విడతలు పట్టింది.

మధ్యలో ఓ చిన్న యుద్ధం కూడా జరిగింది. అతను మొక్కల నెత్తిన చెంబుతో నీళ్ళు పోస్తాడు. ఆకుల మధ్య గుంటలో నీళ్ళు నిలిచి కుళ్ళుతుందని ఆవిడ. "వానలో తడవవా ఇవి?" అని అతను. "వానకి గాలి తోడుంటుంది, మీ చెంబుకి ఏముంది?" అని ఆవిడ. చివరికి చెంబు అతనిదే, ఆ తర్వాత కాగితాన్ని వత్తిలా చుట్టి గుంటలో నీళ్ళు పీల్చడం ఆవిడ వంతు అని రాజీ కుదిరింది. పదకొండులో మూడు పోయి, ఎనిమిది మిగిలాయి.

ఎండ నలభై అయిదు దాటిన ఓ మధ్యాహ్నం, హోటల్ నేలమాళిగలో ఫోన్ మోగింది. దుప్పట్లు లెక్కపెట్టే అమ్మాయి ఎత్తి, "మాస్టారూ, మీ ఇంటి నుంచి. ఎవరో పెద్దావిడ" అంది.

అత్తగారు అతనికి ఫోన్ చేయడం ఎన్నడూ లేదు. ఈ ఎండలో దుప్పట్లు తడుపుతూ పడిపోయిందేమో! ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఒక్క ఉదుటున వచ్చాడు.

"అత్తయ్యగారూ! ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మీరు కంగారు పడకండి. కిటికీ వైపు చివరి కుండీ ఉంది చూశారూ, అది వేరు వేసింది."

"ఏం వేసింది?"

"వేరండీ, వేరు! కొత్తది. బియ్యపుగింజంత. కొస పచ్చగా మెరుస్తోంది. మీరు వచ్చేదాకా ఆగలేక చేశాను."

అతను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "మీరు సరిగ్గా చూశారా? భూతద్దంతో?"

"నా కళ్ళనే అనుమానిస్తున్నారా?"

"లేదండీ, లేదు. తాకకండి. నేను వస్తున్నాను."

అతని మొహం చూసి, దుప్పట్ల అమ్మాయి "ఎవరైనా పుట్టారా మాస్టారూ?" అంది. "వేరు పుట్టింది" అన్నాడతను. ఆ మాట ఆవిరి బుసల్ని దాటి ఎలా పాకిందో గానీ, సాయంత్రానికల్లా వంటవాళ్ళు కూడా అతన్ని పట్టుకుని అభినందనలు చెప్పారు.

మరో పది రోజులకి భార్య తిరిగొచ్చింది. సంచులు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే పైనుంచి గట్టిగా మాటలు వినిపించాయి. ఇద్దరూ పోట్లాడుకుంటున్నారనుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. డాబా మీద తల్లీ భర్తా ఒకే కుండీ మీదికి వంగి వాదించుకుంటున్నారు.

"ఎండిన కాడ కొయ్యకపోతే మొక్క బలమంతా దానికే పోతుందంటాను."

"ఎండిపోయాక దానికి బలమెందుకండీ? సగం పచ్చగా ఉంది, ఆ సగం ఉంచుదాం అంటాను. అయ్యో బుజ్జీ, వచ్చావా! నువ్వు చెప్పవే మీ ఆయనకి."

"నువ్వు మీ అమ్మకి చెప్పు" అన్నాడతను అదే ఊపులో.

ఆమె సంచులు కింద పెట్టి, ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను చచ్చినా చెప్పను. మీరే తేల్చుకోండి. ముందు నాకెవరైనా మంచినీళ్ళిచ్చే ఉద్దేశం ఉందా?"

ఇద్దరూ ఒకేసారి వంటింట్లోకి పరిగెత్తారు.

భోజనాల దగ్గర ఆమె తర్ఫీదు కబుర్లు చెప్పబోయినప్పుడల్లా మధ్యలో నల్లులో, చీమలో అడ్డొచ్చేవి. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేస్తున్నారు. ఆమెకి కాస్త చిన్నబుచ్చుకోవాలనిపించింది గానీ, కుదర్లేదు, నవ్వొచ్చేసింది. స్పిరిట్ సీసా ఖాళీ అయిందని తెలిశాక మాత్రం ఇద్దరికీ సమానంగా చీవాట్లు పెట్టింది.

మర్నాడు పొద్దున ముగ్గురూ డాబా మీద టీ తాగారు. గాలి ఇంకా వేడెక్కలేదు. తడి దుప్పట్లు మెల్లగా కదులుతున్నాయి. భార్య ఓ ఆకు పైకెత్తి చూసి, "అయితే ఇవి ఎప్పుడు పూస్తాయి?" అని అడిగింది.

అతను అత్తగారి వైపు చూశాడు. ఆవిడ భుజాలెగరేసింది.

"ఏమో" అన్నాడతను. "వచ్చే చలికాలానికి పూస్తే పూస్తాయి. లేకపోతే ఆ పై ఏడు."

"ఈ ఆకు అడుగున ఏదో బూడిదరంగుగా ఉంది" అంది భార్య.

అత్తగారు భూతద్దం విప్పింది. అతను గ్లాసు పక్కన పెట్టి కుండీ వెలుతురు కేసి తిప్పాడు. సన్నటి సాలెగూడు పోగులు, వాటి మీద ఆవగింజలో పదో వంతు ఉన్న ఎర్రటి చుక్కలు.

"ఎర్రనల్లి" అంది ఆవిడ, పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు. "పొడి గాలికి వస్తుంది. దీనికి స్పిరిట్ అక్కర్లేదు, ఆకుల అడుగు నీళ్ళతో కడిగితే చాలు. రోజూ కడగాలి మరి."

"ఎన్ని ఆకులున్నాయి మొత్తం?" అని భార్య అడిగింది.

"నలభై మూడు" అన్నారు ఇద్దరూ.

ఆమె కొంగు నడుముకి దోపి మెత్తటి గుడ్డ కోసం లోపలికి వెళ్ళింది. అతను బకెట్ నింపడానికి లేచాడు.